క్యాటలిస్టు మార్చిన ఏడాది

రిటైరై రాజమండ్రిలో స్థిరపడ్డాక, నేను ముప్పై ఏళ్లకు పైగా రిఫైనరీ ల్యాబులో పనిచేశానని తెలిసినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే. ఏ బంకులో పెట్రోలు మంచిదండి? నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. చెప్పకూడదని పైవాళ్లు కట్టడి చేశారేమో పాపం అనుకుంటారు. చర్చిలో నా పక్కన కూర్చునే మేరీరత్నం గారైతే ఆరాధన అయిపోయాక కూడా వదల్లేదు. చివరికి మా ఇంటి దగ్గరున్న బంకు పేరు చెప్పి బయటపడ్డాను. ఆ మర్నాటి నుంచీ ఆవిడ కొడుకు ఊరంతా చుట్టి వచ్చి అక్కడే పెట్రోలు కొట్టించుకుంటున్నాడట. సైన్సు మీద జనానికి ఇంత నమ్మకముందని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియలేదు.

కెమిస్ట్రీ చదివి ల్యాబుల్లో చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో మీకు అక్కర్లేదు. నేను చేసిన ఒక తప్పు మాత్రం మీకు పనికొస్తుంది. అది చెప్పాలంటే ముందు పెట్రోలు గురించి నాలుగు మాటలు చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

ఆ పొడి చేసే పని

ముడిచమురును కాచి ఆ ఆవిర్లను చల్లబరిస్తే నేరుగా వచ్చే పెట్రోలు కొంచెమే. బరువైన నూనె చాలా మిగిలిపోతుంది. దాన్ని ఆవిరి చేసి, బాగా కాలిన ఒక సన్నటి పొడితో కలిపి నిలువు గొట్టంలో పైకి తోస్తారు. రెండు మూడు సెకన్లలో పెద్ద అణువులు విరిగి పెట్రోలు, వంటగ్యాసు తయారవుతాయి. ఆ పొడే క్యాటలిస్టు. చేతిలోకి తీసుకుంటే మైదాపిండిలా మెత్తగా ఉంటుంది. విరిగిన నూనె మసి దానికి అంటుకుంటే పక్క పాత్రలో ఆ మసిని కాల్చి, అదే పొడిని మళ్లీ పనిలోకి పంపుతారు.

అలా విరిగి పుట్టిన పెట్రోల్లో ఓలిఫిన్లనే జాతి అణువులు ఎక్కువగా ఉంటాయి. వాటివల్ల ఒక లాభం ఉంది, ఆక్టేన్ బాగా వస్తుంది, ఇంజను కొట్టుకోదు. నష్టమూ ఉంది. నిలవుంటే జిగురు కడతాయి, గాలిలో కలిస్తే ఊళ్లమీద కమ్మే విషపు పొగను పెంచుతాయి. అందుకే శుభ్రమైన పెట్రోలు కావాలన్న రోజు నుంచీ వాటికి ఒక హద్దు పెట్టారు. ఎంత ఓలిఫిన్ పుడుతుందనేది చాలావరకు ఆ పొడి స్వభావాన్ని బట్టి ఉంటుంది. రేర్ ఎర్త్ లోహాలు కాస్త ఎక్కువ కలిపిన పొడి వాడితే ఓలిఫిన్లు హైడ్రోజన్ పుచ్చుకుని నెమ్మదస్తులైపోతాయి. కాకపోతే ఆక్టేన్ కొంచెం పడుతుంది, వంటగ్యాసూ కొంచెం తగ్గుతుంది. ఈ మూడూ కలిసే కదులుతాయి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కథ మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మూర్తి గారు పారబోసిన సీసా

నా మొదటి బాసు మూర్తి గారు. మాట తక్కువ మనిషి. నేను చేరిన కొత్తలో, మే నెల ఎండలో, యూనిట్ నుంచి పెట్రోలు శాంపిల్ తెచ్చి బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్లాను. ఐసులో పెట్టాలన్న ధ్యాస లేదు. తిరిగొచ్చేసరికి ఆయన ఆ సీసా మూత తీసి నా కళ్లముందే వ్యర్థాల డబ్బాలో పారబోశారు. తేలికపాటి ఓలిఫిన్లన్నీ నువ్వు టీ తాగేలోపు గాలికి పోయాయమ్మా, ఇప్పుడు నువ్వు కొలిచేది మిగిలిన ఎంగిలి అన్నారు. మళ్లీ యూనిట్ దాకా ఎండలో నడిచి వెళ్లాను. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ తరవాత ఎన్నేళ్లయినా శాంపిల్ విషయంలో నేను తప్పు చేయలేదు. దాంతో ల్యాబులో ఏ విషయంలోనూ తప్పు చేయనన్న పొగరు వచ్చేసింది. ఇది మూర్తి గారి తప్పు కాదు.

భాస్కరరావు మాట ఇచ్చాడు

పెట్రోలు కొత్త ప్రమాణాలు అమల్లోకి రావడానికి ముందటి సంవత్సరం అది. అప్పటికి ల్యాబు నా చేతి కింద ఉంది. రిఫైనరీ పేరు రాయను. సముద్రం ఒడ్డున ఉంటుంది, పనిచేసేవాళ్లలో సగం మంది మా గోదావరి జిల్లాల వాళ్లే.

బరువైన నూనెను విరగ్గొట్టే ఆ క్రాకింగ్ యూనిట్‌కి భాస్కరరావు అనే ప్రాసెస్ ఇంజనీరు ఉండేవాడు. రావులపాలెం మనిషి. వాళ్లది అరటితోటల కుటుంబం. ఊరెళ్లి వచ్చాడంటే ల్యాబుకి ఒక అత్తం చక్కరకేళి పండ్లు రావాల్సిందే. గొంతు పెంచి మాట్లాడటం అతనికి రాదు. రేర్ ఎర్త్ ఎక్కువున్న కొత్త క్యాటలిస్టు వాడితే ఓలిఫిన్లు హద్దులోకి వస్తాయని అతనే లెక్కలు కట్టి, మాట ఇచ్చి సిఫారసు చేశాడు. సీనియర్లు చాలామందికి అది నచ్చలేదు. ఆక్టేన్ పోతుంది, గ్యాస్ పోతుంది, ఎందుకొచ్చిన తంటా అన్నారు. టెక్నికల్ మేనేజరు రంగారావు గారు మాత్రం ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, ఇది తేడా వస్తే నీ యూనిట్ నీకుండదు అని అందరిముందూ చెప్పారు. రంగారావు గారు చెడ్డవారు కాదు, తొందర మనిషి. పైనుంచి రోజుకు మూడు ఫోన్లు వచ్చే కుర్చీలో కూర్చుంటే ఎవరైనా అలాగే అవుతారు.

క్యాటలిస్టు మార్చడమంటే ఒక్క రోజులో పాతది తీసి కొత్తది పోయడం కాదు. యూనిట్ నడుస్తూనే ఉంటుంది. రోజూ కొంచెం కొత్త పొడి వేస్తూ, కొంచెం పాత పొడి తీస్తూ ఉంటారు. వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఓలిఫిన్లు ఎంత తగ్గుతున్నాయో చెప్పాల్సింది మా ల్యాబు. ఇంతకుముందు వారానికి ఒకటి రెండు చేసే పరీక్ష రోజుకు మూడుసార్లు చేయాల్సి వచ్చింది.

చీకటి గదిలో మూడు పట్టీలు

ఇప్పుడు ఆ పని చాలావరకు యంత్రాలే చేస్తున్నాయి. మాకు మాత్రం పాత పద్ధతే ఉండేది. నిలువెత్తు సన్నటి గాజు గొట్టం నిండా సిలికా జెల్లు నింపి, దానిలో కొంచెం రంగు కలిపి, పైనుంచి పెట్రోలు పోస్తాం. వెనకనుంచి ఆల్కహాలు తోస్తుంది. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేసి చూస్తే పెట్రోలు మూడు పట్టీలుగా విడిపోయి కిందికి దిగుతూ కనిపిస్తుంది. అన్నిటికన్నా కింద రంగు లేని పట్టీ, దానిపైన పసుపుపచ్చగా మెరిసే ఓలిఫిన్లు, ఆపైన నీలంగా అరోమాటిక్స్. పసుపు ఎక్కడ మొదలైందో, నీలం ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టి స్కేలుతో కొలవడమే. పట్టీలు మరికొంత కిందికి జారాక రెండోసారి కొలవాలి. రెండు కొలతలూ కలిస్తేనే లెక్క.

ఆ గది వీర్రాజు గారిది. కోరుకొండ వైపు మనిషి, మా సీనియర్ టెక్నీషియన్. ఆయన కన్ను పడితే గీత పడినట్టే అనేవాళ్లం. రోజుకు మూడు పరీక్షలు అయ్యేసరికి ఆయన కళ్లు మండిపోతున్నాయని చూసి, మీ కన్ను చాలు వీర్రాజు గారూ, రెండో రీడింగ్ కొన్నాళ్లు ఆపేయండి అని నేనే చెప్పాను. ఆయన కాస్త సందేహించారు. నేను రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను.

మొదటి పది రోజులూ ఓలిఫిన్లు తగ్గుతూ వచ్చాయి. భాస్కరరావు ముఖం వెలిగింది. అంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ

ప్రతి సంవత్సరం ల్యాబులో ఆయుధపూజ చేసేవాళ్లు. యంత్రాలన్నీ తుడిచి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. నేను లూథరన్ల ఇంట్లో పుట్టినదాన్ని. గుమ్మం దగ్గర నిలబడి చూసి, పులిహోర మాత్రం అందరికన్నా ముందు పుచ్చుకునేదాన్ని. నాకూ వాళ్లకూ ఏనాడూ పేచీ రాలేదు.

ఆ ఏడు నేను మా తమ్ముడి కూతురి బాప్తిస్మానికి ఊరెళ్లి పూజనాడు లేను. మర్నాడు వచ్చాను. అన్నీ తుడిచి మామూలుగా ఉన్నాయి. పని మొదలైంది.

ఆరోజు నుంచీ ఓలిఫిన్లు పెరిగాయి. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. క్యాటలిస్టు మార్చక ముందు ఎంత ఉండేవో అంతకు వచ్చాయి.

రంగారావు గారు మీటింగుల్లో భాస్కరరావుని నిలబెట్టి అడగడం మొదలుపెట్టారు. ఇంకో వారం చూసి పాత పొడికే వెళ్లిపోదామన్నారు. భాస్కరరావుని యూనిట్ నుంచి స్టోర్స్‌కి మార్చే కాగితం తయారవుతోందని క్యాంటీన్‌లో చెప్పుకున్నారు. అతని భార్యకు అప్పుడు ఏడో నెల. క్వార్టర్స్ ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని ఆమె బెంగపెట్టుకుందని కూడా విన్నాను.

ఒక మధ్యాహ్నం అతను కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఆక్టేన్ తగ్గిందండి. గ్యాస్ కూడా తగ్గింది. ఓలిఫిన్లు తగ్గకుండా ఆ రెండూ ఎలా తగ్గుతాయండి? ఒక్కసారి చూస్తారా?"

అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం పిల్లకైనా వెలగాల్సిన విషయం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అతను నా ల్యాబుని అనుమానిస్తున్నాడనే అనిపించింది గానీ, ప్రశ్న చెవికెక్కలేదు.

"మీ పొడి పనిచేయకపోతే మా గొట్టాలేం చేస్తాయి భాస్కరరావు గారూ?" అన్నాను. పక్కనే ఉన్న ఇద్దరు కుర్ర కెమిస్టులు నవ్వారు. అతను సరేనండి అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత ల్యాబు వైపు రావడం మానేశాడు.

నా వేళ్లు

కార్తీకమాసం వచ్చింది. వీర్రాజు గారు భార్యతో ద్రాక్షారామం వెళ్తూ రెండు రోజులు సెలవు పెట్టారు. ఆ చీకటి గదిలో ఇంకెవరినీ నమ్మబుద్ధి కాక, చాలా ఏళ్ల తరవాత నేనే కూర్చున్నాను. పొద్దున్న హడావిడిగా చేపల పులుసు చేసి వచ్చాను. ఆదివారం వచ్చిన బంధువులు ఇంకా ఇంట్లోనే ఉన్నారు మరి.

దీపం వేసి పసుపు గీత ఎక్కడుందో చూసి గుర్తు పెట్టాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను, తొందరేం లేదు, చూస్తూ కూర్చున్నాను. నీలం పట్టీ దిగింది. దాని కింద పసుపూ దిగింది. కానీ నేను గుర్తుపెట్టిన చోట మాత్రం పసుపు అక్కడే ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. కదలడంలేదు.

గొట్టాన్ని తాకి చూద్దామని చెయ్యి చాచాను. దీపం వెలుగులో నా వేళ్ల కొసలు పసుపుపచ్చగా మెరిసిపోతున్నాయి. పొద్దున్న చేప ముక్కలకు పట్టించిన పసుపు. మామూలు వెలుతురులో కడిగేసినట్టే ఉంది. ఈ దీపం కింద మాత్రం గొట్టం మీదున్న మెరుపూ నా వేళ్ల మెరుపూ ఒక్కలాగే ఉన్నాయి.

లేచి, అలమరలో ఉన్న ఖాళీ గొట్టాలన్నీ ఒక్కొక్కటే దీపం కింద పెట్టాను. అన్నిటికీ కింది సగమంతా పసుపు పొర. ఇళ్లల్లో గడపకు రాసినట్టు ఎవరో నిండుగా రాశారు. మర్నాడు పొడిగుడ్డతో తుడిచారు. పెట్రోలు తగిలేది లోపలే కాబట్టి మేం కడిగేదీ లోపలే. ఎండ తగలని గదిలో ఆ పొర వెలిసిపోలేదు. రంగు లేని పట్టీని కూడా అది పచ్చగా చూపించింది. ఓలిఫిన్ల పట్టీ ఉన్నదానికన్నా పొడుగ్గా కనబడింది. రెండో రీడింగ్ తీసి ఉంటే, జారేదేదో జారనిదేదో మొదటి రోజే తెలిసేది.

గొట్టాలన్నీ ఆల్కహాలుతో బయట కూడా కడిగాను. దసరా ముందు నుంచీ రోజుకొకటి చొప్పున ఫ్రిజ్‌లో దాచిన శాంపిల్ సీసాలు తీసి, ఆ రోజూ మర్నాడూ ఒక్కొక్కటే మళ్లీ చేశాను. రెండేసి రీడింగులు తీశాను. ఓలిఫిన్లు ఏ రోజూ పెరగలేదు. మొదటి నుంచీ తగ్గుతూనే ఉన్నాయి. భాస్కరరావు కాగితం మీద ఎలా చెప్పాడో అలాగే.

ఎవరి చెయ్యి

వీర్రాజు గారు సెలవు ముగించుకుని ప్రసాదం పొట్లంతో వచ్చారు. గది తలుపు వేసి, దీపం వేసి, కడగకుండా ఉంచిన ఒక గొట్టం చూపించాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు.

ప్రతి ఏడూ స్టాండుకి ఒక బొట్టు పెట్టి ఊరుకునేవాడినని, ఈసారి మాత్రం ఇంటి నుంచి పసుపు తెచ్చి గొట్టాలన్నిటికీ రాశానని చెప్పారు. ఎందుకు అని అడిగాను.

"భాస్కరరావు గారి కోసమేనండి. ఆ కుర్రాడు నెగ్గాలని."

ఆయనే వెళ్లి మేనేజరుతో చెప్పేస్తానన్నారు. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు ఆయనకి. ఛార్జిషీటు పడితే పెన్షన్ కాగితాలు ఎక్కడ ఆగుతాయో అందరికీ తెలుసు. మీరు ఇక్కడే ఉండండి అన్నాను.

నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. రంగారావు గారి గదికి నడుస్తున్నంతసేపూ నాలో ఇంకో భయం ఉంది. క్రైస్తవురాలు ఆయుధపూజను తప్పుపట్టిందని రేపు క్యాంటీన్‌లో అనుకుంటారేమోనని. యంత్రం ఏదో పాడైందని రాసేసి ఊరుకుంటే పోతుంది కదా అని ఒక పది అడుగుల దూరం ఆలోచించాను కూడా. అలా రాస్తే ల్యాబు బతికిపోతుంది. భాస్కరరావు లెక్క మాత్రం అనుమానంలోనే ఉండిపోతుంది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. రంగారావు గారు మండిపడ్డారు.

"గొట్టాలకు పసుపు రాసిందెవరండి?"

"ఎవరు రాసినా రెండో రీడింగ్ తీస్తే పావుగంటలో దొరికేదండి. రెండో రీడింగ్ ఆపమన్నది నేను. రిజిస్టర్‌లో సంతకం ఉంది చూడండి."

ఆయన రిజిస్టర్ తెప్పించి చూశారు. నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. కొత్త క్యాటలిస్టు కొనసాగించమని అప్పుడే ఫోన్ చేశారు, స్టోర్స్ బదిలీ సంగతి మళ్లీ ఎత్తలేదు. కోపం చల్లారాక పూజ గురించి అడిగితే, మానేయక్కర్లేదండి, గాజు వస్తువుల జోలికి వెళ్లకుండా బల్లలకీ తలుపులకీ బొట్లు పెట్టుకోనివ్వండి అన్నాను. తరవాతి ఏళ్లలో అలాగే చేశారు. నేను భయపడ్డ మాట క్యాంటీన్‌లో ఎవరూ అనలేదు. మనుషుల్ని నేను తక్కువ అంచనా వేశాను.

మీలో ఎవరైనా ల్యాబుకి అధికారి అయితే ఒకటి చెబుతాను. పద్ధతిలో రెండుసార్లు కొలవమని రాసి ఉంటే, మీ దగ్గర ఎంత గొప్ప కన్నున్న మనిషి ఉన్నా రెండుసార్లే కొలవండి. అలసిపోయిన మనిషికి ఇంకో మనిషిని తోడు ఇప్పించండి. నేను అడిగి ఉంటే ఇచ్చేవారు. అడగడం నామోషీ అనుకున్నాను.

భాస్కరరావు గది

ఆరోజు రంగారావు గారు భాస్కరరావుని పిలిపించలేదు. అప్పటికే మీటింగులకు అతన్ని పిలవడం మానేశారు. మేనేజరు గది నుంచి నేరుగా అతని గదికి వెళ్లాను. నేను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. ఎప్పుడూ అతనే మా దగ్గరికి వచ్చేవాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగి వేశాడు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది, రంగారావు గారికి రాసింది. క్యాటలిస్టు ఎంపికలో పొరపాటు నాదే, బాధ్యత నాదే అని ఇంగ్లీషులో నీటుగా టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే పెట్టలేదు.

అంతా చెప్పాను. పసుపు సంగతి, నా వేళ్ల సంగతి, ఫ్రిజ్‌లో శాంపిళ్ల సంగతి. ఆరోజు కుర్రాళ్ల ముందు అన్న మాటకు క్షమించమని అడిగాను. అతను గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. భుజాలు కదలడం కనిపించింది. తరవాత ముఖం తుడుచుకుని, పర్వాలేదండి మేడమ్ అన్నాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

నాకొక్కటి అర్థం కాలేదు. ఆక్టేన్, గ్యాస్ రెండూ మీ లెక్క ప్రకారమే వచ్చాయి కదా, మీరెందుకు గట్టిగా నిలబడలేదు అని అడిగాను.

అతను సొరుగు లాగి ఆ కాగితాలు తీశాడు. ఆరోజు నాకు చూపించబోయినవి, నేను చూడనివి. రోజువారీగా ఓలిఫిన్లు ఎంత ఉండాలో తను ముందే కట్టిన అంకెలు ఒక వరసలో ఉన్నాయి. ఆ వరస మొత్తాన్ని స్కేలు పెట్టి, ఒక్కొక్క అంకె మీదా గీత గీసి కొట్టేశాడు. పక్కన ఎర్ర సిరాతో మా ల్యాబు అంకెలు రాసుకుని, వాటికి సరిపోయేలా తన లెక్కనంతా మళ్లీ మొదటి నుంచి కట్టడానికి ప్రయత్నించాడు. పేజీలకు పేజీలు ఉన్నాయి. ఎక్కడా కుదరలేదు.

"మీ సంతకం ఉంది కదండి," అన్నాడు. "నాకే లెక్కలు రావనుకున్నాను."

నా చేతిలో ఉన్న కొత్త ఫలితాల కాగితాన్ని అతని కాగితం పక్కన పెట్టాను. కొట్టేసిన అంకెల్నీ, కడిగిన గొట్టాలతో వచ్చిన అంకెల్నీ ఇద్దరం వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం. అన్నీ కలిశాయి.